తోడు

తుర్కపల్లి గేటు దాటాక
బట్టలు మార్చుకునే గదిలో
అద్దం అంచున నాలుగు బొట్టుబిళ్ళలు.
రాత్రి షిఫ్టు హాజరుపట్టీ అది.
మెరూన్ రంగుది నాది.
రుక్సార్ తన ముక్కుపుడకను సబ్బుపెట్టెలో దాస్తుంది.
లోపలికి పసుపు రాదు, పౌడరు రాదు, గాజు రాదు,
తుమ్ము అసలే రాకూడదు.
ఒంట్లో కళ్ళు మాత్రమే మిగిలాక
తలుపు తెరుచుకుంటుంది.

సంచి మధ్యాహ్నమే వచ్చింది.
పంజాగుట్ట దాటడానికే గంట పట్టిందట.
"నేను ఉడికిన గాని దాన్ని సల్లగనే తెచ్చిన"
అన్నాడట డ్రైవర్ పెంటయ్య.
సంచి మీద పేరుండదు.
పదిహేడు. మగ. పందొమ్మిదేళ్ళు.
అంతవరకే నాకు తెలియాలి.
మనసు ఊరుకుంటుందా?
పందొమ్మిదేళ్ళంటే
రెండు సప్లీలుంటాయి, సగం మొలిచిన మీసముంటుంది,
రీచార్జి కోసం అక్కను బతిమాలడం ఉంటుంది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
పదిహేడు నెత్తుట్లో ఉన్నది ఇంటిదొంగే.
ఇంటివాళ్ళ చొక్కా తొడుక్కుని
ఇంటివాళ్ళ కంచంలోనే తింటున్నాడు.
కాపలా కణాలు పక్కనుంచే పోతాయి,
మనోడే కదా అనుకుని.

ఆ కాపలావాళ్ళకు
కొత్త కన్ను కుట్టడం మా పని.
కన్నును మోసుకెళ్ళేది ఒక వైరస్,
కోరలు పీకిన పాము.
దాని నోట ఒక చీటీ పెట్టి కణంలోకి పంపుతాం.
చీటీలో దొంగ పుట్టుమచ్చ.

ఆ తర్వాత చేసేదంతా
మా నాయనమ్మ చేసిందే.
కాచిన పాలు మణికట్టు మీద చుక్క వేసుకుని
"ఒంటేడి ఉండాలె బిడ్డా,
ఎక్కువైతే ఇరుగుతయి, తక్కువైతే పేరుకోవు" అనేది.
ముప్ఫై ఏడు డిగ్రీలు.
ఇంక్యుబేటర్ పలక మీద
పచ్చటి అంకెల్లో ఆమె మణికట్టు.
తోడు వేసి, మూత పెట్టి, కదపకుండా వదిలేయాలి.
తోడు అన్న మాటకు రెండర్థాలని
బడిలో రాశాను.
ఒకటేనేమో అని ఇక్కడ అనిపించింది.

మొదటిసారి పేరుకోలేదు.
ఆరో రోజు లెక్కపెట్టాను. ఎనిమిదో రోజు మళ్ళీ.
మందులు మింగి మింగి అలసిన కణాలు
సూక్ష్మదర్శిని కింద
జూబ్లీ బస్టాండులో తెల్లారుజామున
మూటల మీద పడుకున్న కూలీల్లా ఉన్నాయి.
"విఫలం" అని రాసి, టైము వేసి, సంతకం పెట్టాను.
రుక్సార్ సరిచూసి తనూ పెట్టింది.
ఈసీఐఎల్ దాకా కంపెనీ బస్సులో
ఎవరం మాట్లాడలేదు.

మళ్ళీ రక్తం తీశారు.
ఇంకో పన్నెండు రోజులు కావాలన్నాం.
అతని దగ్గర అన్ని రోజులున్నాయా అని
మేం అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.
ఈసారి కాత్యాయని మేడం మేత మార్చింది.
తొందరపెట్టే మందు తగ్గించి
నిలబెట్టే మందు కలిపింది.
"పరిగెత్తించకండి, ముందు వాటిని తేరుకోనివ్వండి."

తొమ్మిదో రోజు పొద్దున నాలుగున్నర.
ఎర్రగా పోసిన ద్రవం
నిమ్మపండు రంగుకు తిరిగింది.
అంటే తింటున్నాయి!
రుక్సార్‌ని మోచేత్తో పొడిచాను.
మాస్కు వెనక నవ్వు
కళ్ళ మూలలకు మాత్రమే వచ్చింది.

ఎక్కించిన మూడో రోజు ఫోను.
పదిహేడుకు నూట మూడు జ్వరం.
ఎవరో చప్పట్లు కొట్టారు, వెంటనే ఆపేశారు.
ఒకరి జ్వరానికి చప్పట్లేమిటి?
కానీ ఆ జ్వరం
దొంగను చూసి గల్లీ కుక్కలన్నీ ఒకేసారి లేవడం.
మరీ మొరిగితే ఇల్లే కూలుతుంది.
అప్పుడు వాటిని జోకొట్టే మందు
ఆస్పత్రి ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉంది.

ఇరవై ఎనిమిదో రోజున గాని
దొంగ పోయాడో దాక్కున్నాడో తెలియదు.
ఈరోజు ఇరవై రెండు.

పెంటయ్య బండి మళ్ళీ వచ్చింది.
పద్దెనిమిది. ఆడ. ఏడేళ్ళు.
నేనేమీ ఊహించుకోలేదు.
ఊహించుకోలేదని రాస్తున్నాను గాని
బొట్టుబిళ్ళ అద్దానికి అంటించి
మణికట్టు ఒకసారి
చెంపకు ఆనించి చూసుకున్నాను.